గార

పర్లాకిమిడి పశువుల ఆసుపత్రిలో
రేకుబల్ల మీద సైరను.
మత్తుసూదికి ముందు ఏమీ పెట్టొద్దన్నారు.
దాని ఎదుట తినలేక
రాత్రి నేనూ మంచినీళ్ళు తాగి పడుకున్నాను.

గుణుపురం బండి కూత పెడితే
వీధంతా వినబడేలా జవాబు చెప్పేది,
అందుకే ఆ పేరు.
రెండు నెలలుగా బండి కూసి వెళ్ళిపోతోంది.
గంజన్నం వాసన చూసి వెనక్కి జరుగుతోంది.
"ఏటా కంపు! దీన్ని పెరట్లో కట్టియ్యి"
హైమావతి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.
ముసలిదైపోయింది, అనుకున్నాను.
ముసలితనం మీదికి తోసేస్తే
ఏ నొప్పికీ పేరు వెతకనక్కర్లేదు.

డాక్టరమ్మ మినతి సబర పెదవి పైకెత్తింది.
చిగురు మొదట్లో పసుపు, పసుపు మీద ఇటుకరంగు.
ఆమె ఒరియాలో ఏదో అంది.
కాంపౌండరు ధనుంజయ తెలుగులో ఒక్క మాట: "గార."
గోడకి గార పెడితే ఇల్లు నిలబడుతుంది.
పంటికి గార పడితే పునాదే కదులుతుందట.

వంకరమొన పనిముట్టు తీసిందామె.
కర్ర్... కర్ర్...
నా చెయ్యి ఉలిక్కిపడింది.
నలభయ్యేళ్లు గేదెకొమ్ముని నిప్పు మీద వంచి
గీకి గీకి కొంగల్నీ దువ్వెనల్నీ తీసిన చెయ్యి.
"గీకి వదిలెయ్యకండమ్మా,
గరుకులో మళ్ళీ మురికి దిగుతుంది, నునుపు చెయ్యాలి"
అనేశాను, ఎవరూ అడక్కుండానే.
మాస్కు వెనక నవ్వింది. "మీదేం పని?"

చెప్పాను.

నవ్వు ఆగింది.
లోపలి దవడపన్ను చూపించింది,
నిలువునా చీలి ఉంది.
"కొమ్ముముక్కలు కొరుకుతుందా?"

రోజూ పని కట్టేశాక
మిగిలిన ముక్క దానికి విసిరేవాణ్ణి.
జీతం లేని కాపలాకి నా బోనసు.
రాత్రి పొద్దుపోయేదాకా పటపట కొరుకుతుంటే
ఏం పళ్ళురా నీవి, అని మురిసిపోయేవాణ్ణి.

ఊడదీసిన పన్ను ట్రేలో టింగుమంది.
కొమ్ము పడితే అలా మోగదు.

ఆటోలో నా ఒళ్ళో మత్తుగా, మూతి చివర ఎర్రతడి.
చిగుళ్ళు మానాక
వేలికి మెత్తని గుడ్డ చుట్టి రోజూ తోమమంది.
మనుషుల పేస్టు వద్దంది.
కొమ్ముకి మెరుగు పెట్టే గుడ్డ గుర్తొచ్చి
వేరే గుడ్డ చూసుకోవాలనుకున్నాను.

హైమావతి అరుగు మీద పాతదుప్పటి పరిచి ఉంచింది.
మాటాడలేదు. వంగి
దాని నోటి దగ్గర ముక్కు పెట్టి చూసింది.

ముక్కలబుట్ట అటకెక్కించి దిగుతుంటే
బండి కూసింది.
సైరను తల ఎత్తలేదు.
ఒక చెవి కదిపింది,
ఎడమది.