వాన ముందరి కొండ

ఉన్నది ఒక్క నీలమే.
దూరాన్ని దాంతోనే పుట్టించాలి.

"దగ్గరి ఒడ్డుకి చిక్కటి రంగు,
నడిమి ఉప్పుమళ్ళకి సగం నీళ్ళు,
చివరి కొండకి
కుంచె కడిగిన నీళ్ళు చాలు" అంటుంది దెయొలింద.
అవైరోలో నలభై ఏళ్ళుగా
పింగాణీ పలకల మీద గాలిని అలాగే పరుస్తోంది.
ఆవిడ చెట్టుకి ఆకులుండవు:
మూడు గుండ్రాలు, ఒక పుల్ల.
పడవంటే గోటి నొక్కంత వంపు.
అయినా ఆ చెట్టుకీ ఆ పడవకీ మధ్య
ఒక మధ్యాహ్నమంతా నడవొచ్చు,
ఎక్కడో పొగమంచు తగిలి
చొక్కా చేతులు కిందికి లాక్కోవొచ్చు.

కాల్చని పూత సున్నప్పొడిలా ఉంటుంది.
తాకీ తాకగానే రంగు తాగేస్తుంది.
దిద్దుకోవడం లేదు.
పైగా పచ్చి రంగుది బూడిద మొహం.
ఏది లేతో ఏది ముదురో
బట్టీ దాటేదాకా పెదవి విప్పదు.

మొన్న చివరి కొండ నాకిచ్చింది.
ఇరవైనాలుగు పలకల్లో, పై వరసవి నాలుగు.
గిన్నె మారిందో, నా ధ్యాస మారిందో.

తెల్లారి బట్టీ తలుపు తీస్తే
కొండ అన్నిటికన్నా ముందుకొచ్చి నిలబడింది,
ఉప్పుమళ్ళ నెత్తిన,
పిలవని పేరంటానికొచ్చినట్టు.
ఆవిడ ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ.
నాలుగు పలకలూ తీసి పక్కన పెట్టింది.

సాయంత్రం బెల్మీరో వచ్చాడు,
తన వంటింటి గోడ కోసం
ఈ బొమ్మ చేయించుకుంటున్నవాడు.
యాభై ఎండాకాలాలు ఉప్పు తీసిన కాళ్ళు,
మడమల పగుళ్ళలో ఇంకా తెలుపు.
ఆ పలకలు చూసి, అడక్కుండానే
వాటి చోట వాటిని పేర్చాడు.
కాస్త వెనక్కి జరిగాడు. ఇంకాస్త.

"రేపు వాన" అన్నాడు.

మేం మొహాలు చూసుకున్నాం.

"వాన ముందర గాలి ఒళ్ళు కడుక్కుంటుంది.
కారమూలు కొండ లేచి ఇటు నడిచొస్తుంది,
దాని మీది చెట్లు లెక్కపెట్టొచ్చు.
అది కనిపిస్తే చాలు, పరుగే,
ఇంటిల్లిపాదీ,
కుప్పల మీద రెల్లు కప్పడానికి.
ఒక ఏడు నేను తలెత్తి చూళ్ళేదు.
ఆ ఏటి ఉప్పంతా ఏటికే పోయింది."

దెయొలింద కళ్ళద్దాలు తుడుచుకుంది.
"మరి వీళ్ళింకా తీరిగ్గా ఉన్నారేం?" అంటూ
నడిమి వరసలోంచి ఒక పలక తీసేసి
కొత్తది ముందేసుకుంది.
నీళ్ళు కలపని నీలంలో ముంచి
ఉప్పుమడి గట్టు మీద
ముందుకు వంగిన గీతలు నాలుగు గీసింది.

ఒకటి, మిగతావాటికన్నా పొట్టిది,
బాగా వెనకబడి.