కచ్చాపచ్చా

మే పదకొండు. గుంటూరు.
బ్రాడీపేట నాలుగో లైన్లో తారు చెప్పులకి అంటుకుంటోంది.
ల్యాబులో గాజుపలక మీద
ఒక్క చుక్క వేశాను, నారింజ రంగుది.
పలక గిర్రున తిరగడం మొదలెట్టింది.
లెక్క ప్రకారం అరవై సెకన్లు తిరగాలి.
పదకొండో సెకనుకి కరెంటు పోయింది.

ఖాజావలి తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.
తడి ఆరని పలక మీద
గాజుగిన్నె మూత బోర్లించి
మెస్సుకెళ్ళాం.

మూడేళ్ళుగా ఎండని బతిమాలుతున్నాను.
ఈ ఊళ్ళో ఎండకి కరువా?
కల్లాల్లో మిరపకాయని గలగలలాడించే అంత ఎండా
నా పలక మీద పడితే
వందకి రెండు పాళ్ళు కరెంటు కాదు.

వెలుగు తాకగానే లోపల ఒక జంట పుడుతుంది.
ఒక ఎలక్ట్రాను, అది వదిలొచ్చిన ఖాళీ.
చెయ్యి వదలకుండా నడుస్తాయి.
ఆయుష్షంతా కలిపి నడిచేది
పది నానోమీటర్లు.
వెంట్రుకని నిలువునా ఎనిమిది వేల పోగులు చీలిస్తే
అందులో ఒక్క పోగు.
ఆలోపు సరిహద్దు తగిలిందా,
విడిపోయి చెరో దారీ పట్టి
ఎక్కడో ఒక దీపమవుతాయి.
తగల్లేదా,
ఉత్త వేడి.
గుంటూరులో ఇంకాస్త వేడి, ఎవరడిగారు?

అందుకే రెండు పదార్థాల్నీ మెత్తగా కలిపాను.
మరీ మెత్తగా.
అడుగడుక్కీ సరిహద్దే,
విడిపోయినవాటికి బయటికి దారి లేదు.
అన్నీ మూసుకుపోయిన సందులే.
మళ్ళీ ఎదురుపడి, మళ్ళీ కలిసి, చల్లారాయి.

మెస్సులో జ్ఞానసుందరమ్మ
మిక్సీ ఆగిపోయి రోలు కడుక్కుంది.
"గంధంలా నూరితే
గోంగూరేదో కారమేదో నాలిక్కి తెలీదమ్మాయ్.
వదిలేస్తే దేని దోవ దానిదే.
కచ్చాపచ్చాగా దంచాలి.
ఈనె ఈనెకీ ఉప్పు అందాలి, ఈనె మిగలాలి."

ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయిందని రాస్తే అబద్ధం.
రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను.
ఆ మాట కడుపులోంచి తలకెక్కేసరికి
రాత్రయింది.

తిరిగొచ్చేసరికి మూత కింద
నారింజ కాస్తా వంకాయరంగు.
నెమ్మదిగా ఆరింది కదా,
పోగులు పోగులుగా సర్దుకునే తీరిక
అణువులకి దొరికింది.
మేం ఎన్నడూ ఇవ్వని తీరిక.

మర్నాడు అల్యూమినియం పూత పూసి
దీపం కింద పెట్టాం.
మూడు పాయింట్ నాలుగు.
ఖాజావలి తీగలు పీకి మళ్ళీ తగిలించాడు.
మూడు పాయింట్ నాలుగు.

రికార్డు పుస్తకంలో
"ఆరబెట్టిన పద్ధతి" అన్న గడిలో
"కరెంటు పోయింది" అని రాశాను.
కింద పెన్సిల్తో, కచ్చాపచ్చా.

గైడుగారు పెన్సిలు మాట కొట్టేసి
పెన్ను మాట పక్కన అడిగారు:
మళ్ళీ చెయ్యగలవా?

అప్పట్నించీ రోజూ
కరెంటు ఉండగానే
పదకొండో సెకనుకి
స్విచ్చి నేనే కట్టేస్తున్నాను.