ఒకటిన్నర మనిషి

ఢిల్లీలోని ఎంబసీ నుంచి ఫారం వచ్చింది.
సిరిపురంలో మెట్లెక్కితే వచ్చే మా మూడు గదులకి
వచ్చే ఏడు ఒకటిన్నర మనిషి చాలట.
ఆ అర ఎవరో నేనే రాయాలి.

రీడింగు రూములో రత్నమాణిక్యమ్మ ఉంది,
ఆ దేశపు భాషలోనే తుమ్ముతుంది.
డ్రైవరు పైడయ్య ఉన్నాడు.
రాయబారం అతని డ్యూటీల్లో లేదు.

మొన్న జాలరిపేటలో సినిమా వేశాం,
తెర చాలక తెరచాప కట్టి.
కథ మధ్యలో మంచు కురిసింది.
కింద పడే అక్షరాలు ఎవరూ చదవలేదు.
"అదేటి మావా?" అంది ఓ గుంట.
పైడయ్య ఐసుపెట్టె మూత లేపి
కోనెం చేపల మీంచి గుప్పెడు తీసి
దాని అరచేతిలో పెట్టాడు.
"ఇదే. ఆళ్లూర్లో ఆకాసం నుంచి పడతాది."

ఆ రాత్రి పేటంతా
ఎన్నడూ చూడని ఆ జనం మీద జాలిపడింది,
చేపల్లా ఎలా బతుకుతున్నారో అని.

ఫారంలో ఆఖరి గడి: ప్రభావం, అంకెల్లో.
పెట్రోలు రాశాను. ప్రొజెక్టరు బల్బు రాశాను.
తెరచాప అద్దె, వాళ్లు తీసుకోలేదు, సున్నా.
అర దగ్గర నా పేరు రాసి, కొట్టేసి,
కిందికి దిగాను.

పైడయ్య అద్దం తుడుస్తున్నాడు.
"ఆళ్లేటంతన్నారు బాబూ?"

"అక్కడ మంచు పడుతోందట" అన్నాను.