వాసాల లెక్క

తిన్నింటి వాసాలు లెక్కవెట్టొద్దంటరు.
లాంగి మాత్రం మా ఇంట్ల జొన్నరొట్టె చేతుల వట్టుకొనే
పైకి చూసుకుంట వేళ్లు మడిచింది: పదిహేడు.
మా అమ్మ నవ్వింది. నేను సిగ్గువడ్డ.
దూలానికి చెదలు వట్టిన సంగతి ముందు ఆమెకే తెలిసింది.

పుట్టపాకల మగ్గాల షెడ్డు గీయనీకి వచ్చిన మనిషి.
సమోవా అంటే మావోళ్లు సమోసా అనుకున్నరు.
అమ్మది ఆ దీవి, నాయిన తాతలది జర్మనీ.
"ఇంతకూ ఎటు దిక్కు మనిషివి?" అని
సొసైటీ సెక్రటరీ అంజయ్య అడిగితే
కొలత టేపు రెండు కొసలూ పట్టుకొని
నడుమ ఊగుతున్న రేకును చూపింది.

ఇసుకల పుల్లతోటి రెండిండ్లు గీసింది.
ఒకటి గుండ్రం. గోడల్లేవు, కంబాలే.
కంబానికొక మనిషి వీపు ఆనిచ్చి కూసుంటడట,
ఏ కంబం ఎవలిదో ఊరందరికీ ఎరుకట,
వాన కొడితే కొబ్బరాకు తడకలు దించుకుంటరట.
రెండోది చౌకం. మూరెడు మందం రాతిగోడ, ఒక్క తలుపు.
"దీని తాళంచెవి నా దగ్గరుంది, ఇల్లు లేదు.
దానికి తాళమే లేదు, ఇల్లుంది."
కాలేజీ పిల్ల కావేరి మాకు తెలుగుల చెప్పింది.

నేను ఒడ్డెర మేస్త్రిని. గోడే నా అన్నం.
గోడల్లేని ఇల్లంటే కడుపుల కలుక్కుమన్నది.
మగ్గం గుంతలకెల్లి బుచ్చిలచ్చమ్మ తల ఎత్తకుంటనే
"గాలొస్తే పోగు తెగుతది,
దీవి సంగతి దీవిల వెట్టమను" అన్నది.

మూడొద్దులు లాంగి కాయితం ముట్టలే.
గుంత పక్కన కూసోని చిటికి కట్టుడు చూసింది.
కట్టిన కాడ రంగెక్కదు.
విప్పితే అంచుల ఎరుపు కొంచెం తెలుపుకు పారుతది.
"ఇది తప్పా?"
"తప్పెట్లయితది? గదే మా చెయ్యి."

నాలుగోనాడు పడమరకు నల్లరాతి గోడ లేపమన్నది,
వడగాలి తలకాయ కొట్టుకునేటంత.
తూర్పుకు కంబాలు, తాటాకు తడకలు.
దూలానికి ఒక్క మేకు కొట్టనియ్యలే.
కొబ్బరితాడు చుట్టి చూపింది, వాళ్ల తాతమ్మల ముడి.
బుచ్చిలచ్చమ్మ చూసింది. గుంతలకెల్లి లేసింది.
ఆడోళ్లను కేకేసింది.
పొద్దుగూకే యాల్లకు పదకొండు కంబాలకు చిటికి వడ్డది.

గోడ ఆగే కాడికి, కంబం మొదలయ్యే కాడికి నడుమ
నాలుగడుగులు మిగిలింది.
తలుపు వెట్టాల్నా అన్న.
"వా" అన్నది.
వాకిలా? అన్న.
కావేరి చానసేపు తంటాలు వడ్డది:
ఖాళీ కాదట. ఇద్దరి నడుమ ఉండేదట.
దాన్ని కూడ ఊడ్సుకోవాలెనట, సల్లగ ఉంచుకోవాలెనట.
అట్లయితే వాకిలే, అన్న.
ముగ్గురం అక్కడ్నే నిలవడ్డం,
ఎవ్వలకూ ఇంకో మాట దొరకలే.

బిల్లు రాసిన. రాయి తొమ్మిది ట్రాక్టర్లు,
కంబాలు పదకొండు, తాడు రెండు మోపులు, కూలి.
ఆ నాలుగడుగులకు కొలత రాసి, ధర కాడ ఇడిసిపెట్టిన.
అంజయ్య ముద్ర తెచ్చి సరిగ్గ దాని మీదనే గుద్దిండు.

మొన్న ఇంకో పని మీద పోయిన.
నడుమ నొస్తే మూడో కంబానికి ఒరిగిన.
"లే, అది కావేరిది" అన్నది బుచ్చిలచ్చమ్మ.
మరి నాదేదమ్మా అన్న.
పోగు నోటితోటి తడుపుకుంట
గడ్డంతోటి పడమటి దిక్కు చూపింది:
"గోడంత నీదేనాయె, ఇంకేం గావాలె?"