వంటింట్లో మూడో మెషీన్

యూసుఫ్‌గూడ, మూడో అంతస్తు.
పాట ఒక్కటే, మోసేది మూడు కంప్యూటర్లు.

ఒకటి నా బల్లమీద.
ఒకటి మంచం కింద, డప్పులన్నీ దాని నెత్తినే.
మూడోది వంటింట్లో,
సీటీసీలో బేరమాడి తెచ్చిన పాత డబ్బా.
మూత లేదు. ఫ్యాన్ మాత్రం
ఘాట్ రోడ్డెక్కే ఆర్టీసీ బస్సు.

నలభై ట్రాకులకి బల్లమీదిది చేతులెత్తేసింది.
అందుకే గోడకి కన్నం వేసి
నీలం కేబుల్ లాగాను.
గొంతు అటు పోతుంది,
కూల్చేసిన సినిమా హాలంత ప్రతిధ్వని తొడుక్కుని
ఇటు వస్తుంది.

కొంచెం ఆలస్యంగా.

సబీహా పాట ఆపేసింది.
"నా వెనక నేనే నడుస్తున్నట్టుంది భాయ్.
నేను ఆగితే అదీ ఆగుతోంది,
ఇంకో అడుగు వేశాక."

బఫర్ తగ్గించాను.
ఐదొందల పన్నెండు, రెండొందల యాభై ఆరు.
నూట ఇరవై ఎనిమిది దగ్గర
తాలింపులో ఆవాల్లా చిటపటలు.
మళ్లీ పెంచాను.
"సర్దుకో" అన్నాను,
ఆమెతోనో, డబ్బాతోనో.

ఒక చెవికి హెడ్‌ఫోన్ ఉంచుకుని
ఒక చెవి వదిలేసి పాడింది.
మూసిన చెవిలో క్షణం కిందటి తను,
తెరిచిన చెవిలో ఇప్పటి తను,
కింద పానీపూరీ బండి గంట కూడా.
గంటతో సహా ఆ టేకే ఉంచేశాం.

మిక్స్ అయ్యేసరికి రాత్రి రెండు.
నీళ్లకోసం వంటింట్లోకి వెళ్తే
మెషీన్ పక్కన పెట్టిన ఇడ్లీ పిండి
ఆ వేడికి పొంగి, గిన్నె దాటి,
నీలం కేబుల్ వెంబడి
మెల్లగా
నా గదివైపే వస్తోంది.