తాళంలో జిగురు

వేసవిలో మా షాకాలో సినిమా ఆరుబయటే.
గోడకు సున్నం కొట్టి దాన్నే తెర అంటాం.
ఇనుప కుర్చీలు నూట నలభై.
దోమలకు టిక్కెట్టు లేదు.
కిటికీలో కూర్చుని చిల్లర లెక్కపెట్టడం నా పని,
ముప్పై ఒక్క ఏళ్ళుగా.

ఆగస్టులో ఒక శనివారం ఆ పాత సినిమా వేస్తాం.
మా మీద తీసిందే, మేమెవరమూ అడక్కపోయినా.
మూడు గంటలు. నల్ల కోట్లు, అణిచిన గొంతులు,
వెన్నలో దిగే కత్తిలా మాట్లాడే పెద్దాయన.
ఒకే గోడ, ఒకే వెలుగు,
ఎవరి సినిమా వాళ్ళు చూసుకుని ఇంటికి పోతారు.

మంగలి అక్కుర్సియోకు ప్రతి మాటా కంఠతా.
తెర కంటే అర క్షణం ముందే పెదవులు కదుపుతాడు.
పెద్దాయన కొడుకు చెంప మీద చెయ్యి వేసే చోట మాత్రం
నోరు కట్టేసుకుంటాడు.
వాళ్ళ నాన్న సార్డీన్ పడవల మీద పోయేవాడు,
ఒడ్డుకొస్తే వలలతో మాట్లాడేవాడు.
ఆ చెయ్యి ఎన్ని ప్రాణాలు తీసిందో అక్కుర్సియోకు తెలుసు.
తెలిసీ, తన చెంప కొంచెం ముందుకు వంచుతాడు.

దర్జీ బాల్దస్సారే చూసేది కోట్లను.
తుపాకి పేలితే "అయ్యో" అంటాడు,
"అంత మంచి ఊలు!"

పోయిన ఏడు వెనక వరసలో ఒక డెన్మార్క్ కుర్రాడు,
ఎండకు ముక్కు తోలు ఊడినవాడు, ఏడ్చేశాడు.
బయటికొస్తూ వచ్చీరాని ఇటాలియన్‌లో అడిగాడు:
"మీ దగ్గర ఇప్పటికీ మాటంటే మాటేనా?"
వాళ్ళ దేశంలో దేనికైనా ఫారం నింపాలట.
వాడికి ఆ గదిలో నేరం కనిపించలేదు,
వరసలో నిలబడక్కర్లేని ఆఫీసు కనిపించింది.
చిల్లర ఇచ్చాను. జవాబు ఇవ్వలేదు.

ఇక క్రొచిఫిస్సా.
రేవు వీధిలో వాళ్ళది ఇనుపసామాన్ల కొట్టు.
మేకులు, గొలుసులు, గడియలు, తాళాలు.
తొంభై ఒకటి మార్చిలో ఒక సోమవారం
తాళంచెవి లోపలికి పోలేదు.
రాత్రి ఎవరో తాళంలో జిగురు పోశారు.
అంతే. నెత్తురు లేదు, సంగీతం లేదు.
తాళాలమ్మే మొగుడూ పెళ్ళాం
తమ తాళం ముందు నిలబడ్డారు.

మధ్యాహ్నం ఒకడొచ్చాడు.
కోటు లేదు. ప్లాస్టిక్ చెప్పులు. జలుబు.
"వ్యాపారం ఎలా ఉంది పిన్నీ?" అన్నాడు,
ముక్కు తుడుచుకోవడానికి గుడ్డ అడిగాడు.
ఆమె గుడ్డ ఇచ్చింది, మొగుడు కవరు ఇచ్చాడు.
పదకొండేళ్ళు, నెలనెలా.
ఎవరూ ఎవర్నీ చంపలేదు.
ఇప్పుడు ఎవరెంత ప్రేమగా "ఎలా ఉంది?" అన్నా
ఆమె చేతులు చల్లబడతాయి.

సినిమాలోనూ ఒకడు కొట్టులోకొచ్చి ఆ మాటే అడుగుతాడు.
ఎంత సొగసుగా అడుగుతాడో! జనమంతా నవ్వుతారు.
చెల్లెలి బలవంతం మీద ఒకే ఒక్కసారి వచ్చిన క్రొచిఫిస్సా
అక్కడ లేచింది.
కిటికీ దగ్గర ఆగితే, డబ్బు తిరిగిస్తానన్నాను.
"వద్దు," అంది. "సినిమా బాగుంది.
అదే నాకు నచ్చలేదు."

నేనా?
నాకు ఇష్టం. ఒప్పుకోవడానికి ఇంతసేపు పట్టింది.
నేను చేరిన కొత్తలో మా యజమాని ఒక కవరిచ్చి
"అడిగితే ఇచ్చెయ్" అనేవాడు.
చిల్లర ఇచ్చినట్టే ఇచ్చేదాన్ని, కిటికీ కన్నంలోంచి.
ముఖం ఎన్నడూ చూడలేదు. చేతులు చూశాను.
గోళ్ళు కొరుక్కునేవాడు.
ఏటా ఆగస్టులో ఆ చేతులకు తెర మీద
ఒక ముఖం దొరుకుతుంది, గంభీరమైన అందమైన ముఖం.
నేను తలవంచింది అలాంటివాడికేనని
మూడు గంటలపాటు అనుకోవచ్చు.

ఈ శనివారం మళ్ళీ వేస్తున్నాం.
మొదటి పోస్టరు ఎప్పుడూ రేవు వీధిలో
ఆ మూసిన కొట్టు షట్టరు మీదే అంటిస్తాను,
నున్నగా ఉంటుందని.
పొద్దున వెళ్ళాను. షట్టరు ముందు నిలబడ్డాను,
ఒక చేతిలో పోస్టరు,
ఇంకో చేతిలో బకెట్టు నిండా జిగురు.