బోర్లించిన గిన్నెలు

నరీన్ దాటాక రోడ్డంతా మంచు.
వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు,
అయినా గేటు గోడకి కొత్త రంగు,
ఆనుకుంటే కోటుకి అంటింది.

జైలరు తాలాయ్‌బెక్ మర్యాదస్తుడే.
నా బూట్లు తడిశాయని నొచ్చుకున్నాడు.
మీగడ వేసిన ఉప్పు టీ తెప్పించి
రిజిస్టరు ముందుకు జరిపాడు:
నూట పన్నెండు పేర్లు, తేదీలు, వేలిముద్రలు,
ఒక్క కొట్టివేత లేదు.

టేపు పట్టి గదులు కొలిచాను.
పక్కకి తిరగాలంటే అందరూ ఒక్కసారే తిరగాలి.
"బాగున్నావా?" అంటే
ప్రతివాడూ నా భుజం మీదుగా చూసి
బాగున్నానన్నాడు.
రాసుకున్నాను. అన్నది రాసుకోవాలి కదా.

వంటగదిలో ఓముర్జాక్ అనే ఖైదీ
గిన్నెలు కడుగుతున్నాడు.
నన్ను చూసి ఏమీ అనలేదు.
కడిగినవే మళ్లీ తీసి
పదేసి చొప్పున బల్ల మీద
బోర్లించడం మొదలెట్టాడు,
లెక్కలు రాని పిల్లకి నేర్పుతున్నంత నిదానంగా.

పదకొండు వరసలు.
చివర్న ఇంకో తొమ్మిది.

ఆఖరి గిన్నె మీద అరచెయ్యి
కాసేపు ఉంచి తీసేశాడు.

పెన్ను జేబులో పెట్టేశాను.
గిన్నెల గురించి ఒక్క ముక్క రాయలేదు,
రాస్తే ఆ చేతులు ఎవరివో తెలిసిపోతుంది.

ఆవరణలోకొచ్చి, ఊరికే అడిగినట్టు అడిగాను:
"ఆ బొగ్గుల కొట్టు తాళం ఎవరి దగ్గరుంటుంది?"

తాలాయ్‌బెక్ జేబులు తడుముకుంటున్నాడు.
అన్ని కప్పుల మీదా మోకాలెత్తు మంచు.
ఆ కొట్టు మీద మాత్రం
ఒక మూల కరిగి, రేకు కనిపిస్తోంది,
ఏడుగురి ఊపిరంత మేర.